ఆస్థాన కవి కొలువు: సాదాసీదా కవికి అంత పేరెలా వచ్చింది, ఎలా పోయింది

ఉగాది కవి సమ్మేళనాల రోజులు దగ్గరపడితే విశాఖ సాహిత్య సభల్లో ఒక పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. ప్రభుత్వం ఆస్థాన కవి పదవిని తిరిగి పెట్టాలా, అక్కర్లేదా? మాట మొదలైన కాసేపటికే చిక్కు పడుతుంది. ఒకరు అల్లసాని పెద్దనను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతారు. ఇంకొకరికి ఆ పదవి పేరు చెబితే ముఖస్తుతి తప్ప మరొకటి కనిపించదు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే కొలువు గురించి కాదు.

పెద్దన లాంటి కవి ఏ కొలువుకైనా అరుదుగా దొరుకుతాడు. రాజుల దగ్గర, జమీందారుల దగ్గర కొలువు చేసిన కవుల్లో ఎక్కువమంది సాదాసీదా కవులే. బతికున్నంతకాలం శాలువాలు, మాన్యాలు, పల్లకీలు చూశారు. పోయాక వాళ్ల పద్యం చదివే మనిషి మిగల్లేదు. ఆ పేరు ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో అర్థం కావాలంటే ముందు ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలియాలి.

బిరుదు, సంభావన, కొలువు ఒకటి కావు

బిరుదు ఒకసారి ఇచ్చేది. పెద్దనకు ‘ఆంధ్రకవితాపితామహ’, శ్రీనాథుడికి ‘కవిసార్వభౌమ’ బిరుదులు. ఇచ్చాక ఆ కవి ప్రభువుకు చెయ్యాల్సిన పని అంటూ ఏమీ ఉండదు.

సంభావన అంటే ఊళ్లు తిరిగే కవికి సభలో ముట్టే సొమ్ము, బట్టలు. అది ఏటా క్రమం తప్పకుండా అందితే వార్షికం. తిరుపతి వేంకట కవులు సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి గడించినది చాలావరకు ఈ రకమే. ఆ పర్యటనల్లో వివిధ ప్రభువుల ఎదుట చెప్పిన పద్యాలు ‘నానారాజ సందర్శనము’గా వచ్చాయి. ఒక కొలువుకు కట్టుబడి ఉండటానికీ పది కొలువుల్లో మెప్పు పొందటానికీ తేడా ఏమిటో ఆ పుస్తకం పేరులోనే ఉంది.

కొలువు అంటే మాత్రం జీతమో, మాన్యమో, అగ్రహారమో ఉన్న ఉద్యోగం. పని ఉంటుంది, పై అధికారి ఉంటాడు, పోతే మరొకరు వస్తారు. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు చేసింది అలాంటిదే. ఆయన హోదా విద్యాధికారి. కావ్యాలు రాయటంతో పాటు శాసన పద్యాలు కూర్చటం కూడా ఆ పనిలో భాగం. ఫిరంగిపురం శాసనం ఆయన రచించినదే. అంటే దానధర్మాలు, సరిహద్దులు, వంశక్రమం తప్పులేకుండా ఛందస్సులో పెట్టగల అధికారి అన్నమాట.

ఆస్థాన కవి అన్న మాట ఈ మూడింటికీ కలిపి వాడేయటం వల్లే గందరగోళం. బిరుదు ప్రతిభకు గుర్తు కావచ్చు. కొలువు మాత్రం ప్రతిభ ఉన్నవాడికే దక్కాలన్న నియమం ఎక్కడా లేదు.

కొలువులో కవి చేతికి వచ్చే పని

దసరా దర్బారు, ఉగాది, ప్రభువు పుట్టినరోజు, పట్టాభిషేకం, ఇంట్లో పెళ్లి, ఒడుగు, కొత్తగా కట్టిన గుడి లేదా చెరువు. వీటన్నిటికీ పద్యం కావాలి, ముహూర్తానికి ముందే కావాలి. బయటి నుంచి పండితుడు వచ్చి సమస్య ఇస్తే కొలువు పరువు నిలబెట్టేలా పూరించాలి. ప్రభువు తానే పద్యం రాస్తే దిద్దిపెట్టాలి. ఇవి కాక, ఏడాదికో రెండేళ్లకో ఒక కృతి రాసి అంకితం ఇవ్వాలి.

ఆ కృతికీ అచ్చు పోసిన చట్రం ఉంది. ముందు అవతారిక: ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, ప్రభువు కవిని పిలిచి కావ్యం అడగటం, తర్వాత కృతిభర్త, అంటే అంకితం అందుకునే ప్రభువు, వంశవర్ణన. దాని వెంట షష్ఠ్యంతాలు, అంటే ‘ఇటువంటి గుణాలున్నవాడికి’ అని కృతిభర్తను విశేషణాలతో ముంచెత్తే పద్యాలు. ఆపైన ప్రతి ఆశ్వాసం మొదట్లో, చివర్లో మళ్లీ ఆయన్ని సంబోధించే పద్యాలు. అయిదాశ్వాసాల కావ్యం తీసుకుంటే కథ ఒక్క అడుగు కదలకముందే నలభై యాభై పద్యాలు కృతిభర్త ఖాతాలో పడతాయి. తక్కువ స్థాయి కవి శక్తి అంతా ఇక్కడే ఖర్చయిపోతుంది. కథ చేతికి వచ్చేసరికి వర్ణనలు పాత కావ్యాల నుంచి అరువు తెచ్చుకోవటం తప్ప మరేమీ మిగలదు.

ఒక పొగడ్త పద్యాన్ని విప్పి చూస్తే

మాటలతో చెప్పేకన్నా ఒక పద్యం కట్టి చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కింది తేటగీతి ఈ వ్యాసం కోసం కట్టిన నమూనా. ఏ కవిదీ కాదు.

కీర్తి చంద్రిక యెల్లెడ గిరులు దాట
దాన గుణమున గర్ణుని ధరణి మించి
వైరి గజముల సింహమై వరలునట్టి
రామ భూపతి చిరకాల రాజ్యమేలు

తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని పొంతన, కుదరాలి. ప్రాస నియమం లేదు. లెక్క ప్రకారం పద్యంలో తప్పు లేదు. సభలో రాగం తీసి చదివితే తలలు ఊగుతాయి కూడా.

ఇప్పుడు యతిస్థానంలో ఉన్న మాటలు చూడండి. మొదటి పాదంలో ‘గిరులు’ ఎందుకొచ్చాయి? కీర్తి కడలి దాటవచ్చు, అడవి దాటవచ్చు. కానీ ‘కీ’కి యతి కుదిరేది ‘గి’. రెండో పాదంలో ‘ధరణి’ లేకపోయినా అర్థానికి లోటు రాదు. ‘దా’కు జోడీగా వచ్చింది. మూడో పాదంలో ‘వరలునట్టి’ కూడా అంతే. సింహమై ఉన్నాడంటే చాలు, కానీ ‘వై’కి ‘వ’ కావాలి. ఇలా ఛందస్సు అడిగినందుకే వచ్చి అర్థానికి ఏమీ తేని మాటల్ని వ్యర్థపదాలంటారు. రహిన్, ఒగిన్, తగన్, పొలుపొందన్ లాంటివి సాదా కవి సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మంచి కవికీ యతి అవసరమే. తేడా ఏమిటంటే ఆయన పద్యంలో యతిస్థానంలో పడిన మాటే పాదానికి ప్రాణంలా ఉంటుంది. తీసేస్తే పద్యం కూలిపోతుంది.

అసలు సంగతి నాలుగో పాదంలో ఉంది. రామభూపతి పోయి రంగభూపతి గద్దె ఎక్కాడనుకోండి. ‘రామ’ తీసి ‘రంగ’ పెడితే చాలు: రెండూ గురువు, లఘువు. ‘రం’కు ‘రా’తో యతి కుదురుతుంది. మిగతా పద్యం ముట్టుకోనక్కర్లేదు. కృష్ణభూపతి వస్తే కొంచెం పని పడుతుంది. ‘కృ’కు ‘రా’తో యతి చెల్లదు కాబట్టి ‘కృష్ణ భూపతి చిరకాల కీర్తి గాంచు’ అని మార్చాలి. మొదటి పాదంలో వచ్చిన కీర్తే మళ్లీ వచ్చింది, పునరుక్తి అని పండితుడు పట్టుకుంటాడు. తెల్లారితే దర్బారు, కాబట్టి అలాగే వెళ్లిపోతుంది. విజయనగరం పూసపాటి వారి వంశంలో పదేపదే వినిపించే పేరు విజయరామ. దానికి పాదం తిరగరాయాలి: ‘విజయరామేంద్రు డిలనెల్ల వెలయు గాత’. పైన మూడు పాదాలు మాత్రం చెక్కుచెదరవు.

ముగ్గురు నలుగురు ప్రభువులకు ఒకే పద్యం సరిపోయిందంటే అందులో ఏ ప్రభువూ లేడన్నమాట. ఆయన ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లాడో, ఏ చెరువు తవ్వించాడో, ఎవరితో తగువు పడ్డాడో ఒక్క ముక్క లేదు. సాదా ఆస్థాన కవిత్వాన్ని పట్టిచ్చే అసలు గుర్తు ఇది. అతిశయోక్తి ఉండటం దోషం కాదు, అది అలంకారం. ఎవరికైనా అతికిపోవటమే దోషం.

వడ్డాది మసి ఎందుకయింది

దీనికి ఎదురుగా పెట్టదగ్గ పద్యం ‘మనుచరిత్ర’ అవతారికలోనే ఉంది. అదీ కొలువు కవి రాసినదే, అదీ పొగడ్తే. కృష్ణరాయల కళింగ దండయాత్రను పెద్దన ఒక నిప్పుగా చూపిస్తాడు. రాయల కత్తి ఇనుము ఉదయగిరి రాతికి తగిలి సెగ పుట్టింది. ఆ నిప్పు కొండవీడెక్కింది, జమ్మిలోయలో పడింది, గౌతమిని కాచింది, పొట్నూరులో రాజుకుంది. ‘మాడెములు వ్రేల్చె నొడ్డాది మసి యొనర్చె’. చివరికి కటకపురిని కాల్చింది, గజపతి కలవరపడి పరుగెత్తాడు.

ఒడ్డాది అంటే మన వడ్డాదే, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఈ పద్యంలో రాయల పేరు తీసి మరో రాజు పేరు పెట్టండి చూద్దాం. కుదరదు. ఊర్ల వరుస దండు నడిచిన దారి వెంట కదులుతుంది. చకుమకి రాయిలా మొదలైన నిప్పు ఊరు ఊరికీ పెరుగుతుంది. ప్రతి ఊరికీ వేరే క్రియ పడింది. పొగడ్త ఉంది, అందులో చరిత్రా ఉంది.

ఆ దండయాత్ర నాటి రాయలే సింహాచలం కొండెక్కి స్వామికి కానుకలు ఇచ్చాడు. 1516 నాటి శాసనం ఆ కానుకలను లెక్కపెట్టి చెబుతుంది, 991 ముత్యాల హారంతో సహా. శాసనానికి లెక్క కావాలి, కావ్యానికి ఊహ కావాలి. సాదా ఆస్థాన కవి రాసిన దాంట్లో సాధారణంగా ఈ రెండూ ఉండవు.

లండన్ కొలువులో హెన్రీ పై

ఈ రోగం మన కొలువులకే పట్టిందనుకుంటే పొరపాటు. ఇంగ్లండు రాజు కొలువులో ‘పొయెట్ లారియేట్’ అనే పదవి ఉంది. అధికారికంగా మొదట దక్కించుకున్నది 1668లో జాన్ డ్రైడెన్. 1688లో రాజు మారాక, కొత్త ప్రభువులకు విధేయత ప్రమాణం చెయ్యనందుకు ఆయన పదవి పోయింది. ఆ కుర్చీలో కూర్చున్నది థామస్ షాడ్‌వెల్. మందబుద్ధుల రాజ్యానికి వారసుడని డ్రైడెన్ అంతకుముందే వ్యంగ్య కావ్యం రాసింది ఆయన మీదే. ఎంపికలో కవిత్వం ఎన్నో లెక్కలోకి వస్తుందో అప్పుడే తేలిపోయింది.

ఆ వరుసలో తీసికట్టు కవి ఎవరంటే చాలామంది చెప్పే పేర్లలో ఒకటి హెన్రీ జేమ్స్ పై (Pye). 1745లో పుట్టాడు. వారసత్వంగా ఎస్టేటుతో పాటు అప్పులూ వచ్చాయి. 1784 నుంచి 1790 దాకా బర్క్‌షైర్ తరఫున పార్లమెంటు సభ్యుడు, ప్రధాని పిట్ మనిషి. 1790లో ఆస్థాన కవి అయ్యాడు, 1813లో చనిపోయేదాకా కొనసాగాడు. పద్ధతి ప్రకారం ఇచ్చే ద్రాక్షసారా పీపాకు బదులు ఏడాదికి 27 పౌండ్లు నగదు తీసుకున్నాడు. పని మాత్రం పాతదే: కొత్త సంవత్సరానికి ఒక గీతం, రాజు పుట్టినరోజుకు ఒక గీతం. ఆస్థాన సంగీతాధికారి స్వరపరిస్తే రాజు ఎదుట పాడేవారు.

హెన్రీ పై సోమరి కాదు, చదువులేనివాడు కాదు. అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని ఇంగ్లీషు చేశాడు, ఆల్ఫ్రెడ్ రాజు మీద మహాకావ్యం రాశాడు, మేజిస్ట్రేటుగా పనిచేశాడు. కొలువు గీతాలు మాత్రం ఏటా అవే మాటలు: వసంతం, పక్షులు, బ్రిటన్ కీర్తి, రాజు ఆరోగ్యం. అది మన ‘కీర్తి చంద్రిక’కు ఇంగ్లీషు తోబుట్టువు. ఆయన పదవిలో ఉండగానే 1794లో బ్లేక్ ‘సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’, 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి ‘లిరికల్ బాలడ్స్’ తెచ్చారు. అంత కవిత్వం దేశంలో పుడుతున్న కాలంలో దేశపు అధికార కవి పై. ఆయన పేరు అంతగా చెడటానికి ఈ పోలికే పెద్ద కారణమని నా అభిప్రాయం. సాదా కాలంలో పుట్టి ఉంటే సాదా కవిగానే మిగిలేవాడు, ఎగతాళికి సామెత అయ్యేవాడు కాదు.

మంచివాళ్లు ఆ కుర్చీని వద్దనటం కూడా ఉంది. 1757లో థామస్ గ్రే కాదన్నాక విలియం వైట్‌హెడ్‌కు వచ్చింది. హెన్రీ పై పోయాక వాల్టర్ స్కాట్ వద్దంటే రాబర్ట్ సౌథీ తీసుకున్నాడు. 1843లో వర్డ్స్‌వర్త్ ఒప్పుకున్నది ఏమీ రాయనక్కర్లేదన్న హామీ మీద. ఏడేళ్లలో కొలువు కోసం ఒక్క కవితా రాయలేదు.

పేరు ఎలా పోతుంది

ఆస్థాన కవి పేరు సగం ప్రభువు అరువిచ్చినది. ప్రభువు పోతే అరువు వెనక్కి పోతుంది. బొడ్డుపల్లె పొలం గుత్తకు తీసుకుని ఏడునూరు టంకాలు ఎలా చెల్లించాలంటూ వాపోయిన చాటువు, అంటే సందర్భానికి చెప్పిన విడి పద్యం, శ్రీనాథుడి పేరన ఉంది. కనకాభిషేకం పొందిన కవికే ఆ గతి. ఆయనకు కావ్యాలు అండగా నిలిచాయి. నిలబడే కావ్యం లేనివాడికి కొలువుతో పాటు పేరూ పోతుంది.

చాటువు ఇంకో వైపు నుంచి కూడా దెబ్బ కొడుతుంది. అంకితం పొందిన కావ్యం ప్రభువు భాండాగారంలో తాళపత్రాల్లో ఉండేది. వెక్కిరించిన చాటువు నోటినోటా ఊళ్లు తిరిగేది. ఉత్తరాంధ్రలో అడిదం సూరకవి పేరు ఈనాటికీ వినిపించటానికి చాటువులు ముఖ్య కారణం. ‘రామలింగేశ శతకం’లో ఆనాటి పాలకుల తీరును ఎండగట్టాడు. గోగులపాటి కూర్మనాథకవి విజయనగరం సంస్థానం కింద దేవస్థానం కొలువు చేసినవాడే. మిగిలింది మాత్రం ముస్లిం సేనలు మీదికొస్తుంటే ఊరుకున్నావేమయ్యా అని సింహాద్రి అప్పన్నను నిలదీసిన ‘సింహాద్రి నారసింహ శతకం’. జనం నోట నిలిచినవి ప్రభువును మెచ్చిన పద్యాలు కావు, దేవుణ్ణి తిట్టినవి.

అచ్చుయంత్రం, ఇంగ్లీషు చదువు వచ్చాక కొలమానమే మారిపోయింది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ప్రబంధ కవులను కొత్త గీటురాయి మీద గీసి చూశారు. తర్వాత ఆయనే ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి. పోషణ కూడా దారి మళ్లింది. జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చింది ఆ విశ్వవిద్యాలయానికి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోషణకు ఆధారమే లేకుండా పోయింది.

కొలువే కవిత్వాన్ని చంపుతుందా

చంపుతుందనే వారి వాదన బలమైనదే. గడువు, పేరు, మెప్పు ముందే నిర్ణయమై ఉంటే కవి చెయ్యటానికి మిగిలేది పూరణ ఒక్కటే. బమ్మెర పోతన మనుజేశ్వరాధములకు కావ్యం ఇవ్వనన్న పద్యాన్ని ఈ పక్షం వారు తప్పక చూపిస్తారు.

కాదనే వారికీ ఆధారాలున్నాయి. పెద్దన ఒకరు. మన దగ్గర అంతకన్నా గట్టి సాక్ష్యం గురజాడ. విజయనగరం ఆనందగజపతి దగ్గర ఉద్యోగి ఆయన. మహారాజు విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్ల కాలానికి లెక్కకు వచ్చినవి 1,034. ఆ లెక్క వెనక ఉన్న దురాచారం మీద నాటకం రాసి 1897లో మహారాజుకే అంకితమిచ్చారు. అంకితం ఉంది, జీతం ఉంది, ‘కన్యాశుల్కం’ ఉంది. ప్రభువు తనను పొగడమని కాక తన నేలను చూడమని అడిగితే కొలువు ఇలాంటి ఫలితం కూడా ఇస్తుంది.

మూడో వాదన చరిత్రకారులది. పద్యం గొప్పదా కాదా అన్నది వాళ్లకు పట్టదు. వంశవర్ణన పద్యాల్లో ఎవరి కొడుకు ఎవరు, ఏ గ్రామం ఎవరికి మాన్యం అన్న వివరాలు దొరుకుతాయి. శాసనం విరిగిపోయిన చోట సాదా కవి అవతారికే ఆధారం కావచ్చు. ఆ కవులను నేటి కవిత్వపు కొలతతో కొలవటం అన్యాయమని కూడా అంటారు. ఇందులో సగం ఒప్పుకోవచ్చు. వివరం ఉన్న సాదా పద్యానికి విలువ ఉంది. వివరం కూడా లేని ‘రామభూపతి’ పద్యాన్ని ఏ వాదనా కాపాడలేదు.

సర్కారు వారి ఆస్థాన కవి

రాజులు పోయాక ఆ కుర్చీ ప్రభుత్వానికి వచ్చింది. 1949లో మద్రాసు ప్రభుత్వం చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిని ఆస్థాన కవిని చేసింది. 1950లో ఆయన మరణించాక శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి ఆ స్థానంలోకి వచ్చారు. భారత భాగవత రామాయణాలు మూడింటినీ ఒంటిచేత్తో తెలుగు చేసిన మనిషి. 1977లో వచ్చినవారు దాశరథి కృష్ణమాచార్య. నిజాంను ధిక్కరించి జైలుకు వెళ్లి, జైలు గోడల మీదా పద్యాలు రాసిన కవి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవినే రద్దు చేసింది. ఈ వరుసలో ఎవరినీ సాదా కవి అనలేం. కానీ వీళ్లకు పేరు తెచ్చిన రచనలన్నీ ఆ పదవికి ముందువే. ప్రభుత్వం పేరు అరువివ్వలేదు, వాళ్ల పేరును తాను అరువు తీసుకుంది. రాచకొలువుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

విశాఖలో ఈ చర్చ ఎప్పుడూ కాస్త వేడిగా ఉండటానికి కారణం ఉంది. 1970 ఫిబ్రవరిలో ఈ ఊళ్లోనే శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగినప్పుడు విద్యార్థులు ‘రచయితలారా మీరెటువైపు?’ అని కరపత్రం పంచారు. అదే ఏడాది జులైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ప్రభుత్వ సన్మానం పుచ్చుకున్న కవి ఎవరివైపు ఉన్నట్టు అన్న అనుమానం ఇక్కడి సభల్లో అప్పటి నుంచీ ఉంది.

పదవి మళ్లీ రావాలనే వారు ఇప్పుడు చెప్పే మాట వేరు. జీవితాంతం ఇవ్వొద్దు, గడువు పెట్టండి, ప్రభువును పొగిడే పని వద్దు, బడుల్లో పద్యం చదివించే పని ఇవ్వండి అంటారు. ఇంగ్లండులో 1999లో ఆండ్రూ మోషన్‌తో పదేళ్ల గడువు పద్ధతి మొదలైంది. వద్దనే వారు అడిగేది ఒకటే: గడువు ఎంతైనా ఎంపిక చేసేది ఎవరు? పిట్ మనిషి కాబట్టి హెన్రీ పై ఆస్థాన కవి అయ్యాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే నిబంధన ఏ ప్రతిపాదనలో ఉంటే దాని మీద మాట్లాడుకోవచ్చు.